కొక్కేలు ఎన్ని విరగ్గొట్టాలి: ఒక ప్రాజెక్టు డైరీ

రోజు 1

గోడకు తగిలించే కొక్కెం ఒకటి నేనే గీసుకుని త్రీడీ ప్రింటర్‌లో తీస్తున్నాను. బరువైన బ్యాగు విసురుగా తగిలించినందుకు ఇప్పటికే రెండు విరిగాయి. కొక్కెం బయటి పొర మందం పెంచితే గట్టిపడుతుందని ఎవరైనా చెబుతారు, నాకు కావలసింది అది కాదు. ప్లాస్టిక్ అంతే వాడి, లోపలి ఇన్‌ఫిల్ (లోపలి ఖాళీని నింపే జాలీ) అల్లిక ఒక్కటే మారిస్తే ఏమైనా లాభం ఉందా అన్నది నా ప్రశ్న. ఇన్నాళ్లూ గ్రిడ్ అల్లిక వాడుతున్నాను. దానికి పోటీగా గైరాయిడ్, క్యూబిక్, త్రికోణాలు అనే మూడింటిని ఎంచుకున్నాను.

విరగ్గొట్టే ఏర్పాటు సిద్ధమైంది. కొక్కేన్ని బెంచ్ వైస్‌లో బిగించి, కింద వేలాడే డిజిటల్ త్రాసు తగిలించి, టర్న్‌బకిల్ తిప్పుతూ మెల్లగా లాగుతాను. టప్పుమని విరిగేసరికి ఎంత బరువు దాకా వెళ్లిందో త్రాసు తెర మీద నిలిచిపోతుంది. ముక్క ఎగిరి కంట్లో పడకుండా కళ్లద్దాలు తప్పనిసరి. మొదటిసారి పెట్టుకోలేదు, ముక్క చెవి పక్క నుంచి పోయింది.

గ్రిడ్ కొక్కేలు 12 తీసి అన్నీ విరగ్గొట్టాను. సగటు 18.4 కిలోలు, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) సరిగ్గా 2.0. ఒకే ఫైలు, ఒకే స్పూల్, అయినా ఒకటి 15 దగ్గరే పోయింది, మరొకటి 21 దాటింది. అల్లికకు ఐదేసి తీసి చూద్దామనే నా మొదటి ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

రోజు 2

ఎన్ని కావాలో లెక్క. నాలుగు అంకెలు చాలు.

పట్టుకోదగ్గ తేడా: 1 కిలో. అంతకంటే తక్కువ తేడా కోసం సెట్టింగ్ మార్చను.
చెదురు: 2 కిలోలు, నిన్నటి డీవియేషన్.
ఆల్ఫా: 0.05. నిజంగా తేడా లేకపోయినా ఉందని అనేసే ప్రమాదం.
పవర్: 80 శాతం. తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం.

రెండు గుంపుల సగటులు పోల్చే సూత్రం ఇది. ఆల్ఫా తాలూకు జెడ్ విలువ (నార్మల్ పట్టికలో ఆ శాతానికి దొరికే అంకె) 1.96, పవర్ తాలూకు జెడ్ విలువ 0.842. రెండూ కూడి వర్గం చేస్తే 7.85. దాన్ని రెండుతో గుణించి, చెదురు వర్గంతో గుణించి, తేడా వర్గంతో భాగించాలి. అంటే 7.85 × 2 × 4 ÷ 1 = 62.8, గుంపుకు 63. టీ పరీక్షకు (చెదురును కూడా డేటా నుంచే అంచనా వేస్తూ సగటులు పోల్చే పరీక్షకు) కావలసిన చిన్న సవరణ కలిపితే 64. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ టీ టెస్ట్ ఫంక్షన్ కూడా 64 అనే చెప్పింది.

అది ఒక్కో గుంపుకు కావలసిన సంఖ్య. మొత్తం అనుకుని మొదట తెగ సంతోషపడ్డాను. నాలుగు గుంపులకు 256 కొక్కేలు. ఒక్కోటి 25 నిమిషాలు. ప్రింటర్ దాదాపు 107 గంటలు తిరగాలి.

రోజు 3

పడుకోబోతూ గుర్తొచ్చింది: నేను చేయబోయేది ఒక పోలిక కాదు. నాలుగు అల్లికలంటే జతలు ఆరు. ప్రతి పోలికలోనూ 5 శాతం పొరపాటుకు చోటిస్తే, ఆరింట్లో ఎక్కడో ఒకచోట బోల్తా పడే అవకాశం 5 దగ్గర ఆగదు.

ఎక్కడ చూసినా కనిపించే సూత్రం ప్రకారం, ఆరు పోలికలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే ఆ అవకాశం 1 మైనస్ 0.95 ఆరో ఘాతం, అంటే 26.5 శాతం. మూడింటికి 14.3, ఇరవైకి 64. అయితే నా ఆరు పోలికలు అలాంటివి కావు. గ్రిడ్ కొక్కేలు మూడు పోలికల్లో పాల్గొంటాయి. గ్రిడ్ గుంపులో ఖర్మకాలి బలహీనమైనవి ఎక్కువ పడితే మిగతా మూడూ ఒకేసారి గొప్పగా కనిపిస్తాయి. తప్పులు గుంపుగా వస్తాయి కాబట్టి, కనీసం ఒక తప్పు జరిగే అవకాశం కాస్త తగ్గుతుంది. నాలుగు సమాన గుంపుల్లో ఆరు జతలనూ సవరణ లేకుండా పోల్చితే అది సుమారు 20 శాతం. 26.5 కాకపోయినా, ఐదులో ఒకటి తక్కువేమీ కాదు.

అందరికీ తెలిసిన మందు బాన్‌ఫెరోని. ఆల్ఫాను పోలికల సంఖ్యతో భాగించడమే. ఇటలీ గణితవేత్త బాన్‌ఫెరోని ఆ అసమానతలను 1936లో ప్రచురించాడు. సగటుల పోలికకు వాటిని వాడే పద్ధతిని ఆలివ్ డన్ 1961లో స్థిరపరిచింది. ఆమె పేరు ఎవరూ తలవరు, మందు మాత్రం ఆయన పేరుతో అమ్ముడుపోతోంది.

0.05 ÷ 6 = 0.0083. దానికి జెడ్ 2.638. సూత్రంలో 1.96 తీసి ఇది పెడితే గుంపుకు 97, టీ సవరణతో 99. మొత్తం 396 కొక్కేలు, 165 గంటలు. ఫిలమెంట్ స్పూళ్ల వైపు చూసి ల్యాప్‌టాప్ మూసేశాను.

రోజు 4

స్టాటిస్టిక్స్ చదివిన అక్కకు ఫోన్ చేశాను. లెక్క తప్పు పడుతుందనుకుంటే లెక్క వినిపించుకోనే లేదు.

"అన్నీ అయ్యాక చివర్లో ఏం రాద్దామనుకుంటున్నావురా?"

"ఏ అల్లిక బాగుందో."

"అలా కాదు, వాక్యం చెప్పు. పూర్తి వాక్యం."

కాసేపు తడుముకుని చెప్పాను: "గ్రిడ్ వదిలేసి ఫలానా దానికి మారితే కొక్కెం కనీసం కిలో ఎక్కువ మోస్తుంది."

"మరి గైరాయిడ్‌కీ త్రికోణాలకీ మధ్య పోలిక ఆ వాక్యంలో ఎక్కడుంది? అడగని ప్రశ్నకు ప్రింటర్ ఎందుకు తిప్పుతావు?"

అంతే, ఆరు మూడయ్యాయి. ప్రతి కొత్త అల్లికనూ పాతదానితో పోల్చితే చాలు. ఆల్ఫా 0.05 ÷ 3 = 0.0167, జెడ్ 2.394, గుంపుకు 84, టీ సవరణతో 86. మొత్తం 344. ఒక్క ప్రశ్నతో 52 కొక్కేలు మిగిలాయి.

ఫోన్ పెట్టేముందు ఒక హెచ్చరిక కూడా చేసింది: "మూడే అని ఇప్పుడే రాసి పెట్టుకో. డేటా చూశాక మూడు ఎంచుకుంటే అది ఆరే."

ఆ ఊపులో, పోలికలు పెరిగితే శాంపుల్ ఎలా పెరుగుతుందో చూద్దామని కూర్చున్నాను. పోలికలు మూడైతే సంఖ్య మూడింతలవుతుందని లోపల ఎక్కడో భయం ఉండేది. అదేం కాదు. ఒక పోలికకు కావలసినదాన్ని 100 అనుకుంటే, రెండుకు 121, మూడుకు 133, ఆరుకు 154, పదికి 170. వంద పోలికలకు కూడా 238 మాత్రమే. ఆల్ఫాను ఎంత నరికినా జెడ్ విలువ నత్తనడకన పెరుగుతుంది, సంఖ్యను నడిపేది జెడ్ కాబట్టి. అదే పట్టుకోదగ్గ తేడాను 1 కిలో నుంచి ముప్పావు కిలోకు దించితే శాంపుల్ ఒక్కసారిగా 78 శాతం పెరుగుతుంది. అరకిలోకు దించితే నాలుగింతలు. మూడు పోలికలను ఆరు చేస్తే పెరిగేది 16 శాతమే. నిన్నటి నుంచి బాన్‌ఫెరోని గురించి టెన్షన్ పడుతూ గడిపాను, అసలు బరువంతా ఆ '1 కిలో' అన్న మాట మీద ఉంది. దాన్ని నేను పావు నిమిషంలో అనేశాను.

మళ్లీ ఆలోచించాను. కిలో తేడా నాకు చేత్తో తెలుస్తుందా? తెలియదు. కానీ 18లో ఒకటి అంటే ఐదారు శాతం. అంతకంటే తక్కువైతే ఆ తేడా ఫిలమెంట్ రంగు మార్చినా రావచ్చు. కిలో ఖాయం.

రోజు 5

ఇంకో అంకెను కూడా గుడ్డిగా నమ్మాను: డీవియేషన్ 2.0. అది 12 కొక్కేల నుంచి వచ్చింది. పన్నెండింటితో కట్టిన డీవియేషన్‌కు 95 శాతం నమ్మకపు హద్దులు కడితే కింద 1.4, పైన 3.4. శాంపుల్ దాని వర్గంతో పెరుగుతుంది. నిజం 3.4 అయితే నా 86 కాస్తా దాదాపు 250. ఆల్ఫాను మూడో దశాంశం దాకా సవరించుకుంటూ, పక్కనే ఇంత పెద్ద గొయ్యి చూడలేదు.

రోజు 7

రెండు రోజులు ఆఫీసు పని. ఇవాళ డనెట్ గురించి చదివాను. అందరినీ ఒకే కంట్రోల్‌తో (పోలికకు ఆధారంగా ఉంచే పాతదానితో, నాకైతే గ్రిడ్‌తో) పోల్చేటప్పుడు వాడే పద్ధతిని చార్ల్స్ డనెట్ 1955లో ఇచ్చాడు. కంట్రోల్ అన్ని పోలికల్లోనూ ఉంటుందన్న సంగతిని ఇది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి బాన్‌ఫెరోని కంటే కాస్త ఉదారంగా ఉంటుంది. మూడు కొత్తవి, ఒక కంట్రోల్, గుంపులన్నీ సమానం అయితే బాన్‌ఫెరోని జెడ్ 2.39 అడిగేచోట డనెట్ 2.35 అడుగుతుంది. గుంపుకు రెండు కొక్కేలు ఆదా. దీనికోసమా ఇంత చదివాను అనిపించింది.

కానీ అదే దారిలో ఇంకో మాట దొరికింది, అది బంగారం. కంట్రోల్ అన్ని పోలికల్లోనూ పనిచేస్తోంది కాబట్టి దానికి మిగతావాటి కంటే ఎక్కువ కొక్కేలు ఇవ్వాలి. ఎంత ఎక్కువ? కొత్తవి ఎన్ని ఉంటే దాని వర్గమూలమంత రెట్లు. మూడుకు 1.73.

1.73 కొక్కేలు ఎలా తీస్తాను అని విసుక్కుంటూ ప్రింటర్ వైపు చూస్తే జవాబు అక్కడే ఉంది. నా ప్లేటు మీద ఒకేసారి ఐదు కొక్కేలు పడతాయి: నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి. రెండు గ్రిడ్, ఒక గైరాయిడ్, ఒక క్యూబిక్, ఒక త్రికోణం. ఒక్కో వస్తువుకు వేరే ఇన్‌ఫిల్ పెట్టే వీలు స్లైసర్‌లో (బొమ్మను పొరలుగా విడగొట్టి ప్రింటర్‌కు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో) ఉంది. 1.73 బదులు 2 వాడితే ఎంత నష్టమో కూడా చూశాను. మొత్తం మీద అర శాతం. ఈ పొత్తు కుదిరినందుకు లేచి టీ పెట్టుకున్నాను.

లెక్క మారింది. ఇప్పుడు తేడా తాలూకు చెదురులో 2 బదులు 1.5 వస్తుంది, ఒకవైపు కొక్కేలు రెండింతలు కాబట్టి. 2.394, 0.842 కూడి వర్గం చేస్తే 10.47. దాంతో 10.47 × 1.5 × 4 = 62.8. అంటే 63 ప్లేట్లు, 315 కొక్కేలు. 344 నుంచి 315కి.

రోజు 9

ప్లేటు మీద ఐదేసి తీయాలనుకున్నప్పుడు, పైలట్ (అసలు ప్రయోగానికి ముందు చేసే చిన్న పరీక్ష) కూడా అలాగే తీయాలి కదా. మొదటి 12 ఒక్కొక్కటిగా తీసినవి. గ్రిడ్‌వే ఆరు ప్లేట్లు, మొత్తం 30 తీశాను.

సగటు 16.9కి పడిపోయింది! మొదట త్రాసు పాడైందనుకున్నాను. నీళ్ల డబ్బా తూచి చూస్తే సరిగ్గానే ఉంది. రాత్రి ప్రింటర్ ముందు కూర్చుని చూస్తుంటే అర్థమైంది. ఒక్క కొక్కెమే తీసేటప్పుడు నాజిల్ ఒక పొర పూర్తి చేసి వెంటనే దాని మీదే తర్వాతి పొర వేస్తుంది. ఐదు ఉంటే మిగతా నాలుగూ తిరిగి వచ్చేసరికి ఆ పొర చల్లబడుతుంది, చల్లబడిన పొర మీద కొత్త పొర అంత గట్టిగా అతకదు. విరిగిన చోట చూస్తే పొరల మధ్య నున్నగా ఊడివచ్చింది. అంటే మొదటి పైలట్ నేను చేయబోయే ప్రయోగానిది కానే కాదు. దాని 2.0ను పక్కన పెట్టాను.

మంచి వార్త కూడా ఉంది. కొత్త ముప్పైలో మొత్తం డీవియేషన్ 2.1. కానీ ఒకే ప్లేటు మీది కొక్కేల మధ్య చెదురు 1.6 మాత్రమే. మిగతాది ప్లేటుకూ ప్లేటుకూ మధ్య తేడా: గది చలి, ఫిలమెంట్‌లో తేమ, ఆ రోజు బెడ్ సరిచేసిన తీరు. ప్రతి ప్లేటు మీదా నాలుగు అల్లికలూ ఉంటాయి కాబట్టి పోలిక ప్లేటు లోపలే జరుగుతుంది. బయటి తేడా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. సూత్రంలో 2.1 కాదు, 1.6 పెట్టాలి.

10.47 × 1.5 × 2.56 = 40.2. నలభై ఒక్క ప్లేట్లు, 205 కొక్కేలు. ఏ గొప్ప సవరణ పద్ధతీ ఇవ్వని ఆదా ఒక అమరిక ఇచ్చింది.

రోజు 12

సూత్రాలు నమ్మాలంటే నమ్మొచ్చు, కానీ ప్రింటర్ తిప్పేముందు కంప్యూటర్‌లో ఒకసారి విరగ్గొట్టి చూసుకోవాలనిపించింది. సిమ్యులేషన్ రాశాను. మొదట అల్లికల మధ్య ఏ తేడా లేని ప్రపంచం. 41 ప్లేట్లు ఊహించి, మూడు పోలికలు సవరణ లేకుండా చేసి, కనీసం ఒకచోట పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) '0.05 కంటే తక్కువ' అని ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. పది వేలసార్లు.

14.2 శాతం వచ్చింది. పుస్తకం సూత్రం 14.3. ఆహా అనుకుని ఫైలు సేవ్ చేశాను.

భోజనం చేస్తుంటే తట్టింది. 14.3 అన్నది పోలికలకు ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పటి అంకె. నావి ఒకే గ్రిడ్‌ను పంచుకుంటాయి. నాకు అంతకంటే తక్కువ రావాలి. సరిపోవడమే తప్పు!

కోడ్ విప్పి చూస్తే, పోలిక చేసే ఫంక్షన్ లోపలే గ్రిడ్ కొక్కేలను పుట్టించాను. అంటే గైరాయిడ్‌కు ఒక గ్రిడ్, క్యూబిక్‌కు ఇంకో గ్రిడ్, త్రికోణాలకు మరొకటి. కంప్యూటర్‌లో నేను ఐదు కాదు, ప్లేటుకు తొమ్మిది కొక్కేలు విరగ్గొడుతున్నాను. ఆ ఒక్క లైనును ఫంక్షన్ బయటికి తెచ్చి మళ్లీ నడిపితే 13.4. జవాబు పుస్తకంతో కలిసిందని సంతోషించి వదిలేసి ఉంటే, పుస్తకం ప్రయోగాన్నే పరీక్షించి నాది పరీక్షించాననుకునేవాణ్ని.

బాన్‌ఫెరోనితో అదే నడిపితే 4.7. ఐదుకు కాస్త కింద. ఈ జాగ్రత్త ఖరీదు ఎంతో తెలుసుకోవడానికి డనెట్ హద్దు కూడా పెట్టి చూశాను. ఈ 2:1 అమరికకు అది సుమారు 2.37, ప్లేట్లలో తేడా ఒక్కటి. ఒక్క ప్లేటు కోసం కొత్త లైబ్రరీ వేసుకుని అర్థం కాని ఆప్షన్లతో కుస్తీ పట్టడం కంటే 0.05ను మూడుతో భాగించడమే నయం.

పక్కన ఒక మాట రాసుకుంటున్నాను, మళ్లీ మర్చిపోతాను కనుక. మొదట వెయ్యిసార్లే నడిపాను. పవర్ ఒకసారి 78, ఇంకోసారి 82 వచ్చి కంగారు పెట్టింది. వెయ్యిసార్లకు 80 శాతం చుట్టూ రెండున్నర శాతం ఊగడం మామూలే. పది వేలకు అది ఒక శాతం లోపలికి వస్తుంది.

రోజు 13

ఇప్పుడు మూడు కొత్త అల్లికలూ నిజంగానే కిలో బలమైనవి అనే ప్రపంచం. 41 ప్లేట్లు, డీవియేషన్ 1.6, ఆల్ఫా 0.0167.

గైరాయిడ్‌ను మాత్రమే చూస్తే 80 శాతం సార్లు పట్టుకుంది. మూడింట్లో కనీసం ఒకదాన్ని పట్టుకున్నది 97 శాతం. మూడింటినీ పట్టుకున్నది 58 శాతం.

'80 శాతం పవర్' అని ఇన్ని రోజులుగా అంటున్నది ఈ మూడింట్లో ఏది? ఇంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే బిక్కమొహం వేసేవాణ్ని. మూడూ బయటపడే అవకాశం 80 శాతం కావాలంటే ఒక్కో పోలికకు సుమారు 92 శాతం పవర్ పెట్టుకోవాలి, ప్లేట్లు దాదాపు 40 శాతం పెరుగుతాయి. ఏదో ఒకటి దొరికితే చాలంటే ఇప్పుడున్నవే ఎక్కువ. మళ్లీ అక్క అడిగిన వాక్యం దగ్గరికే వచ్చాను. 'గ్రిడ్ వదిలేసి ఫలానా దానికి' అన్నప్పుడు ఆ ఫలానాది ఏదైనా, దాన్ని విడిగా పట్టుకునే అవకాశం 80 ఉంటే నాకు చాలు. మొదటి అర్థమే నాది.

మందుల ప్రయోగాల్లో ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుందని చదివాను. రెండు ఫలితాలూ తప్పకుండా నెగ్గితేనే మందు పనిచేసినట్టు అని ముందే ఒప్పుకుంటే ఆల్ఫాను భాగించనక్కర్లేదు, ఎందుకంటే ఒక్క పొరపాటుతో గెలవడం కుదరదు. కానీ పవర్ దెబ్బతింటుంది, శాంపుల్ ఆ వైపు నుంచి పెరుగుతుంది. రెండింట్లో ఏదో ఒకటి నెగ్గితే చాలంటేనే ఆల్ఫాను పంచుకోవాలి. 'మరియు', 'లేదా' అనే రెండు మాటలు ఇంత పని చేస్తాయి.

రోజు 14

ప్లాన్ కాగితం మీద పెట్టి తేదీ వేశాను.

41ని నమ్మలేదు. 1.6 అన్నది కూడా ముప్పై కొక్కేల నుంచి వచ్చిన అంచనాయే, రోజు 5 పాఠం మర్చిపోలేదు. ఆ అంచనాకు 80 శాతం పై హద్దు కడితే 1.844. దాన్ని సూత్రంలో పెడితే 53.4, అంటే 54 ప్లేట్లు, 270 కొక్కేలు. నిజం 1.6 అయితే పవర్ 91 దాకా వస్తుంది, 1.84 అయినా 80 దగ్గర నిలుస్తుంది. ప్లేటుకు రెండు గంటల చొప్పున 108 గంటలు. రోజు 2న ఏ సవరణా లేకుండా వేసిన లెక్క 107 గంటలు. నవ్వొచ్చింది.

ఒక ప్రలోభం వదులుకోవాల్సి వచ్చింది. అల్లికలను వరసలో పెట్టి, ముందు గైరాయిడ్, అది నెగ్గితేనే క్యూబిక్, అదీ నెగ్గితేనే త్రికోణాలు అని పరీక్షిస్తే ఒక్కోదానికీ పూర్తి 0.05 వాడుకోవచ్చు. 13 ప్లేట్లు, 26 గంటలు మిగిలేవి. కానీ గైరాయిడ్ తప్పితే మిగతా రెండూ ఎంత బాగున్నా నోరు మెదపకూడదు. ఆ వరస మీద నాకు అంత ధీమా లేదు. ధీమా ఉన్నవాళ్లకు అది మంచి దారి.

శాంపుల్ లెక్క బాన్‌ఫెరోనితో వేసినా తుది తీర్పు హోల్మ్ పద్ధతిలో చెబుతాను. 1979 నుంచి ఉన్నది, ఖర్చు లేనిది. అన్నిటికంటే చిన్న పీ విలువను 0.0167తో పోల్చాలి. నెగ్గితే తర్వాతిదాన్ని 0.025తో, అదీ నెగ్గితే చివరిదాన్ని 0.05తో. ఉదాహరణకు 0.011, 0.021, 0.040 వచ్చాయనుకుందాం. బాన్‌ఫెరోని ఒకదాన్నే ఒప్పుకుంటుంది. హోల్మ్ మూడింటినీ ఒప్పుకుంటుంది, పొరపాటు హద్దు మాత్రం అదే 5 శాతం. బాన్‌ఫెరోని ఒప్పుకున్నదాన్ని హోల్మ్ ఎప్పుడూ కాదనదు. మరి అందరూ ఇంకా బాన్‌ఫెరోనితోనే తీర్పు ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు.

బెంజమిని, హోక్‌బర్గ్ 1995లో ఇచ్చిన పద్ధతి కూడా చూశాను. అది ఒక్క తప్పూ జరగకూడదని పట్టుబట్టదు, నెగ్గినవాటిలో తప్పుడువి ఎంత వంతు ఉండొచ్చో చూస్తుంది. వేల జన్యువులను ఒకేసారి జల్లెడ పట్టేవాళ్లకు అది ప్రాణం. మూడు కొక్కేలకు అక్కర్లేదు.

కాగితం మీద ఇంకో రెండు నియమాలు ఉన్నాయి. ప్లేటు మీద ఒక్క కొక్కెం ఊడిపోయినా ప్లేటంతా మళ్లీ తీయాలి. ఏ మూల ఏ అల్లికో ప్రతిసారీ చీటీలు వేసి తేల్చాలి.

రోజు 16

మొదలైంది. కొక్కెం వెనక మాస్కింగ్ టేపు మీద అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఏ అల్లికో వేరే కవరులో. విరగ్గొట్టేటప్పుడు తెలిస్తే చెయ్యి తెలియకుండానే మెల్లగా తిప్పుతుందని నా అనుమానం. ఇవాళ ప్లేటు 1, ప్లేటు 2.

ప్లేటు 3లో ఫిలమెంట్ అయిపోయి సగంలో ఆగింది. మళ్లీ తీశాను.

రోజు 24

పద్దెనిమిది ప్లేట్లు అయ్యాయి, మూడో వంతు. రాత్రి ఆ కవరు చేతిలోకి తీసుకున్నాను. ఊరికే చూద్దాం, తీర్పు చెప్పొద్దు, అంతే కదా అనుకుంటూ.

మధ్యలో తొంగిచూడటం కూడా ఒక పోలికే, నేను లెక్కలో వేసుకోనిది. ఒకే పోలికను సమాన దూరాల్లో ఐదుసార్లు చూసి ప్రతిసారీ 0.05తోనే తేల్చేస్తే పొరపాటు అవకాశం 14.2 శాతానికి చేరుతుంది. ఆర్మిటేజ్, అతని సహచరులు 1969లోనే కట్టి చూపించిన అంకె అది. నా తప్పుడు సిమ్యులేషన్‌లో వచ్చిందీ అదే 14.2. కాకతాళీయమే, కానీ ఆ అంకె చూడగానే చెయ్యి వెనక్కి వచ్చింది. మధ్యలో చూడాలంటే దానికి తగ్గట్టు ఆల్ఫాను ముందే పంచి పెట్టుకోవాల్సింది. నేను పెట్టుకోలేదు.

కవరును అక్క వాళ్లింటికి పంపించేశాను. ప్లేటు 19 మీద మధ్య కొక్కెం అంచు పైకి లేస్తోంది, బెడ్ మళ్లీ సరిచేయాలి.